ఎడమ భుజం, అరంగుళం తక్కువ

చిత్తూరు సంతపేటలో మా కుట్టంగడి.
అటక మీద రేకుపెట్టె, పెట్టెలో
చెదలు ఒక మూల రుచి చూసి వదిలేసిన
జేజబ్బ కొలతల పుస్తకం.

ఆయనకు అక్షరాలు రావు, అంకెలొచ్చు.
పేరుకు బదులు టోపీ బొమ్మ గీసిన
పదేడు పుటలు ఒకే మనిషివి.
పెన్‌హాలో దొర. జేజబ్బ నోట్లో పెన్నాల దొర.

మొదటి పుట, బెంగుళూరు దండు.
ఛాతీ ముప్పై ఎనిమిది, నడుము ముప్పై,
భుజాన మూడు చుక్కలు.
కింద చిన్న గీత: ఎడమ భుజం అరంగుళం తక్కువ.
చిన్నప్పుడు గుర్రం మీంచి పడినాడంట.
ఆ సంగతి తెలిసింది
వాళ్లమ్మకు, దేవుడికి, దర్జీకి.

మేము దూదేకులోళ్లం.
వాళ్ల నాయన హుసేనప్ప ఏకిచ్చిన దూదిని
అరంగుళం మందాన మడిచి
ఆ భుజంలో పెట్టి కుట్టేసినాడు జేజబ్బ.
నిలువుటద్దంలో దొర నిటారుగా నిలబడినాడు.
ఒక రూపాయి బక్షీసు. మాట లేదు.

ఇంక పుటలు తిప్పేకొద్దీ ఆయన ఎక్కుతానే ఉంటాడు.
చుక్కలు పోయి కిరీటం వస్తాది,
కిరీటం పక్కన మళ్లీ చుక్కలు,
పెషావరు చలికి లోపల ఫ్లానెలు,
మెడపట్టీకి ఎర్రగుడ్డ,
నడుము ముప్పై మూడు, ముప్పై అయిదు,
కడాకు కత్తీ కోలా అడ్డంగా.
ఆ బరువంతా మోసింది మా దూదే.

యుద్ధమొచ్చినాక
జేజబ్బ తమ్ముడు సుభాను పటాలంలో చేరినాడు.
వాడి కొలత పుస్తకంలో లేదు.
సిపాయిలకు కొలతలుండవు,
చిన్నది, నడిమిది, పెద్దది, అంతే.
చొక్కా చేతులు వేళ్లు దాటి వేలాడతా ఉండాయి,
నువ్వొచ్చి కురచ చెయ్యన్నా, అని
రంగోను నుంచి కార్డు రాయించినాడు.

తర్వాతి పుటలో తేదీ లేదు, వాన మరకలుండాయి.
బర్మా నుంచి నడిచొచ్చిన దొర:
నడుము ముప్పై ఒకటి.
నాలుగంగుళాలు యాడ పారేసొచ్చినాడో.
ఏటి అవతల చిక్కినోళ్ల కోసం ఆగలేదంట.
ఆగుంటే ఇవతలోళ్లూ పొయ్యేవాళ్లంట.
రెండూ నిజమే, అనేవాడు జేజబ్బ
సూదిలో దారం ఎక్కిస్తా.

నీవా ఏటిలో ఈత నేర్చినానని
గొప్పలు చెప్పుకునేవాడు సుభాను.
నీవాలో ఎప్పుడూ ఇసుకే గదా.

దొరకు సుభాను పేరు తెలీదు.
జేజబ్బ చెప్పలేదు.

దొరను యుద్ధం నుంచి తప్పించి
పెద్ద కుర్చీలో కూర్చోబెట్టినారు, కాగితాల పనికి.
ఫోటోకని కొత్త కోటు కావాలన్నాడు.
జేజబ్బ కొలిచినాడు, కత్తిరించినాడు,
కిరీటం, కత్తి, కోల, అన్నీ కుట్టినాడు.
దూది పెట్టలేదు.

అద్దం ముందర దొర చానాసేపు నిలబడినాడు,
ఒక బిందె నిండి ఒక బిందె ఎండిన కావిడి మాదిరి.
అద్దంలోనే జేజబ్బను చూసినాడు.
గుండీలు పెట్టుకున్నాడు.
రూపాయి ఇచ్చినాడు.
జేజబ్బ తీసుకున్నాడు.

ఆ ఫోటో మా దగ్గర లేదు.
యాడన్నా గోడకు ఉంటే, చూసినోళ్లు
తూటా దెబ్బనో, దిగులనో,
ఆ పొద్దు కెమెరా వంకరనో అనుకుంటా ఉంటారు.

నిన్న గ్రీంస్‌పేట నుంచి కొత్త ఎస్సై వచ్చినాడు,
మీసం ఇంకా కుదురుకోని పిల్లోడు.
టేపు వేసి చూస్తే కుడి భుజం రోంత జారు.
రాసుకున్నాను.
దూది బీరువాలోనే ఉంది.
వాడు అద్దంలోకి చూసుకుంటా
గడ్డం పైకెత్తినాడు.