పావంగుళం

పెన్న పొంగిన ఏడు, నవంబరులో
వెంకటేశ్వరపురంలో మా వీధి వీధంతా మేడలెక్కింది.
గ్యాసు పుస్తకాలు, పట్టాలు, పట్టుచీరలు,
ఎవరికి ముఖ్యమైనవి వాళ్ళు పట్టుకున్నారు.
నేను మంచం కింద ట్రంకుపెట్టె తెరిచి
పద్నాలుగు మందిని కొంగులో వేసుకుని ఎక్కాను.

ఒక్కొక్కడు ఎనిమిది అంగుళాలు.
ఒకడు సముద్రం అడుక్కి దిగేవాడు,
ఒకడు చంద్రమండలం వాడు,
మోటారుసైకిలు పోలీసొకడు, మంచుకొండలెక్కేవాడొకడు.
తక్కినవాళ్ళ ఉద్యోగాలేందో నాకూ తెలీదు,
ముసుగులున్నాయి,
మంచివాళ్ళే అనుకుంటాను.
పాతవాళ్ళు కారు. పాతవాళ్ళలా తయారైన కొత్తవాళ్ళు.
కానీ ఒంటిమీది గుడ్డ నిజం గుడ్డ,
వీపున టిచ్ బటన్లు,
లోపల కాళ్ళూ చేతులూ ఊడకుండా ఒక ఎలాస్టిక్ దారం.

స్టోన్‌హౌస్‌పేట పోస్టాఫీసులో
పార్సిళ్ళ కిటికీ నాది, ఇరవై ఏడేళ్ళుగా.
అందరూ ఆ కిటికీలోంచే వచ్చారు.
నా పేరు నేనే పిలుచుకుని
నేనే సంతకం పెట్టి తెచ్చుకున్నాను.

నీళ్ళు తీశాక ఎండ కాసింది,
నెల్లూరు ఎండ, బాకీ వడ్డీతో సహా.
పద్నాలుగు ప్యాంట్లు, పద్నాలుగు చొక్కాలు
తీగ మీద క్లిప్పులు పెట్టి ఆరేశాను.
ఎదురుమేడ మీంచి ధనకోటమ్మ
"ఎవురికి మే పురుడు? చెప్పనే లేదే" అంది.
యాభై రెండేళ్ళదాన్ని, మెళ్ళో ఏమీ లేనిదాన్ని,
"నాకే" అన్నాను.
రెండ్రోజులు మాట్లాడలేదు.
మూడోనాడు కూతురి చేత సాంబ్రాణి పొట్లం పంపింది.

చంద్రమండలం వాడి సూటొక్కటే దక్కలేదు.
వెండిపూత చేపపొలుసులా
నా వేళ్ళకంటుకుని వచ్చేసింది.

చిన్నబజారు సందులో జిలానీ భాయి
బడి యూనిఫారాలు కుడతాడు.
బల్ల మీద వాణ్ణి దిగంబరంగా నిలబెట్టాను.
నవ్వుతాడనుకున్నా. నవ్వలేదు.
మెళ్ళో టేపు తీసి
ఎవరినైనా అడిగినట్టే అడిగాడు,
"బిగువా, లూజా?"
చెయ్యెత్తమన్నట్టు వాడి మోచేతిని వేలితో తట్టాడు.
ఛాతీ నాలుగు. నడుం మూడు. చెయ్యి రెండున్నర.
చీటీ మీద పేరు రాయాలన్నాడు.
నేనెప్పుడూ పేర్లు పెట్టలేదు.
పెడితే ఏమవుతారో అని.
కాసేపు చూసి తనే రాసుకున్నాడు:
పోస్టాఫీసమ్మ గారి పిల్లోడు.

వారానికి వెళితే
ఎవరి పెళ్ళి షేర్వాణీలోనో మిగిలిన జరీగుడ్డ,
లోపల గొడుగుబట్ట,
మూడు టిచ్ బటన్లు, ఒకటి వంకర.
తిరగేసి చూశాను.
పక్కకుట్టు లోపల, రెండు వైపులా
పావంగుళం గుడ్డ మడిచి వదిలేసి ఉంది.
జూన్‌లో బడిచొక్కాలకి వదిలినట్టు,
వచ్చే ఏడు విప్పుకోడానికి.

"వీడు పెరగడు గదా భాయ్."

పెదాల మధ్య గుండుసూది తియ్యకుండానే అన్నాడు:
"నాకు తెలుసమ్మా. చేతికేం తెలుసు?"

డెబ్బై రూపాయలు. చిల్లర లేదని
ఒక ఖాళీ దారపుకండె చేతిలో పెట్టాడు.

వాడిప్పుడు అద్దాల బీరువాలో
ఆ కండె మీదే కూర్చుంటాడు.
సూటు చంకల కింద ఉబ్బుగానే ఉంటుంది,
మడత లోపల అంత గుడ్డ మరి.
విప్పి కత్తిరించేద్దామని ఒకసారి
కత్తెర కూడా తెచ్చుకున్నాను,
దాంతో కరివేపాకు రెమ్మలు తుంచి వచ్చేశాను.

పోయిన నెల, ఎందుకో,
ఆఫీసు స్కేలు సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చాను.

ఎనిమిదే.

మర్నాడు పొద్దున్నే, ఎవరూ రాకముందే
స్కేలు దాని చోట పెట్టేశాను.