మూడో గాటు

గుణుపురం రైల్వే గేటు అవతల
నా షెడ్డు ముందు ఆగింది
పానాగఢ్ వేలంలో దండసేన బాబు పాడుకున్న మిలటరీ లారీ.
ఒంటి మీద ముగ్గురు యజమానుల రంగులు.
గీరితే అడుగున ఇంకా ఆకుపచ్చ.

"ఏటైంది?"
"సిగ్నల్లు రావు మిస్త్రీ. బాఁ లేదు, డాహాణ లేదు.
కొన్న కాణ్ణించీ వీడి చెయ్యే సిగ్నలు"
అన్నాడు డ్రైవరు హడిబంధు.
క్లీనరు దసరు కడ్రకా
ఎడమ కిటికీలోంచి చెయ్యి చాపి చూపించాడు.
మోచెయ్యి కింద ఒక రంగు,
మోచెయ్యి పైన ఇంకో రంగు.

నాకు కుడి చెవి మందం.
టిక్కు టిక్కుమనేది వినపడదు.
అందుకని ఫ్లాషరు డబ్బా మీద బొటనవేలు ఆనిస్తాను,
పసిపిల్లకి జొరం చూసినట్టు.
డబ్బా చల్లగా ఉంది.
కొత్తది కొని పడీమంటారు అందరూ.
చచ్చిందో, తిండి లేక పడుకుందో
చూడకుండా ఎలా పాతేస్తాం?

ఒక బల్బు, రెండు తీగలు,
ఒక తీగకి సూది, ఒక తీగకి మొసలి నోరు.
నా ఆస్తి ఇదే.
ఫ్యూజు దగ్గర పొడిచాను, వెలిగింది.
ఫ్లాషరు దగ్గర పొడిచాను, వెలగలేదు.
ఈ రెంటి నడుమ
రెండు మూరల మేర ఎక్కడో ఉన్నాడు దొంగ.

డ్యాష్‌బోర్డు కింద వెల్లకిలా దూరాను.
తీగలన్నీ ఒకటే నలుపు.
ఎలక కొరికిన చోట రాగి,
ఎవడో బీడీకట్ట దారంతో కట్టిన చోట ముడి.
పెద్ద లైట్లకి ఎవడో అడ్డదారిన సొంత వైరు లాగేడు.
మిగతావన్నీ పోయి పోయి
ఓ లావుపాటి మీట వెనక్కి చేరాయి.
"అది పాడయింది, కదలదు" అన్నాడు హడిబంధు.

కదలదు, నిజమే.
మెడ మీద గొళ్ళెం ఎత్తితే గాని
కదలకూడదనే చేశారు దాన్ని.
మూడో గాటులో కూచుని ఉంది.

మూడో గాటంటే చీకటి హుకుం.
డిపోలో చేసిన మా బావ చెప్పేవాడు:
దీపాలుండవు, హారనుండదు,
ఎటు మళ్ళుతున్నావో ఎవడికీ చెప్పకూడదు.
వెనకిరుసు గుండుకి తెల్లసున్నం కొట్టి
మీద మిణుగురంత బల్బు పెడతారు.
దాన్ని నమ్ముకునే
వెనకాల లారీ కొండెక్కాలి.

చివరిసారి ఈ మీట తిప్పినవాడు
వెనక్కి తిప్పకుండా దిగిపోయాడు.
పిలుపొచ్చిందో, తెల్లారిపోయిందో.
అప్పట్నించీ నీలగిరి దుంగలు, జీడిపిక్కల బస్తాలు,
ఓసారి పెళ్ళికుర్చీలు,
అన్నిటినీ రహస్యంగానే మలుపు తిప్పింది బండి.

గొళ్ళెం ఎత్తాను. నాలుగు చుక్కలు కిరసనాయిలు.
రెండు గాట్లు వెనక్కి.
బొటనవేలి కింద డబ్బా కొట్టుకుంది.

ముందు రెండూ వెలిగాయి. వెనక కుడీ వెలిగింది.
వెనక ఎడమది మాత్రం
బ్రేకు తొక్కినప్పుడల్లా నీరసంగా మూలుగుతోంది.
ఈ రోగం నాకు తెలుసు.
వచ్చిన కరెంటుకి తిరిగెళ్ళే తోవ లేక
పక్క బల్బు గోడ దూకుతోంది.
గరుకు కాయితం తీసి
నీలం గీకాను, పసుపు గీకాను,
ఆకుపచ్చ దగ్గర ఒక్క క్షణం ఆగి
అదీ గీకాను.
ఇనుము తగిలాక బోల్టు బిగించాను.

"ఎంత?"
"నూట ఇరవై."
"ఏం మార్చేవు?"
"ఏటీ మార్చలేదు. గొళ్ళెం ఎత్తేను, ఎర్తు పెట్టేను."
"భూమికీ డబ్బులేనా?" అని నూరే ఇచ్చాడు.

గేటు దాటి లారీ ఎడమకి తిరుగుతోంది.
వెనక పసుపుబల్బు ఆరుతూ వెలుగుతూ ఉంది.
కిటికీలోంచి దసరు చెయ్యీ బైటే ఉంది,
అయిదు వేళ్ళూ విప్పుకుని.
లోపల పెట్టుకోరా అని అరిచాను.
వాడికి వినపడలేదో,
వాడేదో జవాబు చెబితే
నాకే వినపడలేదో.