యాభై పొట్లాలు

పెంచలయ్య పొడుం అమ్మేవాడు చిక్‌పేటలో,
రెండు చీరల కొట్ల మధ్య మూడడుగుల సందులో.
ఆయన పొట్లం కట్టడం చూడాలి:
చిటికెడు, మడత, ఇంకో మడత, మొన లోపలికి.
నాకు పందెం నేర్పింది ఆ చేతులే.

సీజను మొదలయ్యే శనివారం పొద్దున
అయిదువేలు ముందు పెట్టుకుని
పాత కన్నడ పేపరు చించి
యాభై పొట్లాలు కట్టేవాడు, వందకొకటి.
నాకూ ఒక సంచి కుట్టించాడు.
"ఇది బియ్యం దుడ్డు కాదు, బాడుగ దుడ్డు కాదు.
పోతే ఏడ్చేదైతే ఈ సంచిలోకి రానే రాకూడదు.
గుర్రానికి ఒక పొట్లం.
మీ మామ తోలే గుర్రమైనా సరే, ఒకటే."

నలభై మిగిలిన రోజు
అన్నీ విప్పి, కలిపి, మళ్ళీ యాభై కట్టేవాడు.
పొట్లం సన్నబడేది.
సంచి ఖాళీ అయ్యేది కాదు.

రేస్‌కోర్సులో, వాన వెలిసిన మధ్యాహ్నాల్లో,
బుకీల పలకల మీద సుద్ద అంకెలు
చెరిగి మళ్ళీ పుడుతుండేవి.
జనం గుర్రాల పిక్కలు చూసేవాళ్ళు,
జాకీ చొక్కా రంగు చూసేవాళ్ళు,
రాత్రి వచ్చిన కలను కూడా చూసేవాళ్ళు.
ఆయన పలకలే చూసేవాడు.
"నాలుగుకొకటి అంటాండాడు.
అంటే అయిదు పరుగుల్లో ఒకటి గెలిస్తే
నీ అసలు నీకు, అంతే.
అంతకు మించి గెలుస్తాదా ఇది?
చెనిక్కాయలు బేరం చేసేటప్పుడు అడుగుతావే,
కాయ మంచిదేలే, ఈ రేటుకా? అని.
గుర్రాన్ని కూడా అట్లే అడుగు."
చాలాసార్లు తనే అడిగి, తనే తల అడ్డంగా ఊపి,
మసాలా బొరుగుల పొట్లం కొనుక్కుని
మెట్ల మీద కూర్చునేవాడు.
ఆ పూటకు ఆయన విప్పిన పొట్లం అదొక్కటే.

ఆ జూన్‌లో నాకు మూడు వరసగా పోయాయి.
ఒకటైతే మెడ పొడవు తేడాతో.
చెవుల్లో కొలిమి.
ఇన్నిసార్లు పోయాక ఇప్పుడు రావాల్సిందే అనుకున్నాను.
నా మూడు ఓటములు
మేఘమాల అనే గోధుమరంగు ఆడగుర్రానికి
ఎవరు చెప్పి ఉంటారో!
పదకొండు పొట్లాలు ఒకేసారి విప్పాను,
రెండుకొకటి ధరకి.
పక్కన పెంచలయ్య బొరుగులు నమలడం ఆపాడు.

గెలిచింది.

పదకొండు వందలు మూడువేల మూడువందలై వచ్చాయి.
నోట్లు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను.
ఆయనకు చూపించాను.
"సరేలేప్పా" అన్నాడు, నోట్లకేసి కాదు,
తడిసిన పచ్చిక కేసి చూస్తూ.

ఆ తర్వాత నేను పొట్లాలు కట్టలేదు.
జేబులోంచి పిడికిలికి ఎంతొస్తే అంత.
సీజను ముగిసేలోపు సంచి పోయింది,
సంచి వెనక బాడుగ పోయింది,
మా ఆవిడ కుట్టుమిషను మార్వాడీ కొట్టుకు పోయి
రెండేళ్ళకు గానీ తిరిగి రాలేదు.
ఇంట్లో ఆ మిషను ఉండే మూల
నేల రంగు వేరుగా ఉండేది.
అన్నం తింటూ అటు చూడకుండా ఉండటం
రెండేళ్ళు నేర్చుకున్నాను.

సందు మూసేసినప్పుడు
పెంచలయ్య మదనపల్లి బస్సెక్కుతూ
మెజెస్టిక్‌లో నా చేతిలో ఒక నోటుబుక్కు పెట్టాడు.
ఇరవై ఒక్క ఏళ్ళ లెక్క, పెన్సిల్‌తో.
చివరి పేజీలో కూడిక: తొమ్మిదివేల నాలుగువందల అరవై లాభం.
బస్సు చార్జీలు తీయకుండా.
నాకు నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.

ప్రతి పేజీలో మూడు వరసలు:
గెలిచినవి.
పోయినవి.
చూసి ఊరుకున్నవి.
మూడోది అన్నిటికంటే పొడుగు,
అంచు దాటి, మార్జిన్లోకి వంగి, పైకెక్కి.

ఆ జూన్ పేజీ వెతికాను.
మూడో వరసలో, పొడుం మరక పక్కన:
"మేఘమాల. ఆ ధర చాలదు. ఊరుకున్నా.
పిల్లోడు పదకొండు పెట్టినాడు.
గెలిచినాడు, పాపం."