ఖాళీ గడి

పున్నమి ఘాట్ మెట్ల మీద ఫారం నింపాను.
పేరు. వయసు నలభై తొమ్మిది. రక్తం గ్రూపు.
"ఏదైనా అయితే ఎవరికి ఫోన్ చెయ్యాలి?"
అక్కడ పెన్ను ఆగింది.
హుస్సేన్‌బీ చూసింది, ఏమీ అనలేదు,
నా నడుముకి నారింజ బుడగ కట్టింది.

స్విమ్మింగ్ పూల్‌లో ఇరవై అయిదు మీటర్లకో గోడ.
కృష్ణలో గోడ లేదు.
బ్యారేజీ గేట్లు దించే ఉన్నాయి, అయినా
నీళ్ళు తూర్పుకి రమ్మంటూనే ఉన్నాయి.

నడిమధ్యలో కాలు చాపితే
చల్లటి పొర, దాని కింద ఇంకా చల్లటిది,
ఆ కింద నాకు తెలియదు.
ఊపిరి తప్పి వెల్లకిలా తిరిగాను.
పక్కనే ఇంకో బుడగ ఆగింది:
"తొందరేంటి పిల్లా, లంక ఎక్కడికీ పోదుగా."

గోళ్ళ నిండా భవానీ ద్వీపం బురదతో
తిరిగొచ్చి, ఫారం మళ్ళీ అడిగాను.
వేళ్ళ తడికి ఆమె నంబరులో
రెండంకెలు అలుక్కుపోయాయి.