ఏ చెవి లాక్కుంటాది

సెలవు ఇంకా పదకొండు రోజులే.
కరెంటు బిల్లు వెనకాల ప్రశ్నలు రాసుకున్నాను.
ఎంతమంది పిల్లలకి ఒక ఆయా?
తలుపు గొళ్లెం ఎంత ఎత్తులో ఉంటుంది?
జ్వరమొస్తే ముందు ఎవరికి ఫోన్ చేస్తారు?
ఆఖరిది రాసి కొట్టేశాను:
ఏడిస్తే ఎత్తుకుంటారా?
అడిగితే కాదనేదెవరు!

ద్వారకానగర్‌లో రెండో అంతస్తు.
గోడమీద జిరాఫీ మెడ
సీలింగు తగిలి పక్కకి వంగింది.
"మీ ఫోన్‌లోనే చూసుకోవచ్చు మేడమ్, పొద్దస్తమానం."
చూపించారు.
బూడిదరంగు తెరలో ఏడుగురు పిల్లలు,
ఒకడు నోరంతా తెరిచి ఉన్నాడు.
శబ్దం రాదు.
నవ్వో ఏడుపో నేనడగలేదు.
ఫీజు, నా జీతంలో సగానికి రెండొందలు తక్కువ.
ఆరు దాటితే గంటల లెక్క.
సిరిపురం జంక్షన్‌లో బస్సు ఇరుక్కుంటే
ఆ ఎర్రలైటుకి కూడా నేనే కట్టాలి.

చినవాల్తేరు అంగన్‌వాడీ టీచరు
నిజం చెప్పింది.
"మూడేళ్లు నిండనీమ్మా. అన్నం, గుడ్డు పెడతాం.
కానీ సాయంత్రం దాకా ఉంచలేం."
నా మోక్షితకి పదో నెల.
అయినా తూకం వేసి
చార్టులో ఆకుపచ్చ పట్టీమీద చుక్క పెట్టి
"బాగానే పెరుగుతోంది" అంది.
ఆ చుక్క రోజంతా నాతో బస్సులు మారింది.

అమ్మమ్మ లేదా? అంటారు అందరూ.
ఉంది. పలాసలో జీడిపిక్కలు కొడుతుంది.
ఆమెకే సెలవు లేదు.

గంగవరం పోర్టులో రాత్రి షిఫ్టు దిగి
"పగలు నేను చూస్తాలే" అన్నాడు ఆయన.
ఒక్కరోజు చూశాడు.
నేను వచ్చేసరికి
నిద్రపోతున్న తండ్రి కాలికీ మంచం కోడుకీ
చున్నీతో ముడి,
ఆ చున్నీ మధ్యలో, కొంగు నములుతూ పిల్ల.
తిట్టబోయాను. అతని కళ్లు చూసి ఊరుకున్నాను.

పెదజాలరిపేటలో నూకరత్నం ఉందని చెప్పింది
మా వీధికి చేపలు తెచ్చే ఆమె.
తెల్లారకుండా హార్బరుకెళ్లే ఆడవాళ్లు
పిల్లల్ని అక్కడే దింపుతారట.
ఒకటే గది. గుమ్మానికి అడ్డంగా
పాత వల ముక్క బిగించి కట్టింది,
పసివేళ్లు దూరతాయి, పిల్లలు దూరరు.
గ్యాస్ పొయ్యి మాత్రం నేలమీదే ఉంది.
నచ్చలేదు. ఆ మాట పైకే అన్నాను.

కాగితం తీయబోతే
"ఉండవే తల్లీ, ముందు నానడగాల" అంది.
"గుంటకి నిద్దరొస్తే ఏ చెవి లాక్కుంటాది?"
ఎడమ.
"ఉగ్గు జారుగానా, ముద్దగానా?"
జారుగా.
"ఏటి చూస్తే బెదురుతాది?"
మిక్సీ చప్పుడు.
"నువ్వెల్లేటప్పుడు సెప్పి ఎల్తావా, దొంగసాటుగా ఎల్తావా?"

దానికి నా దగ్గర జవాబు లేదు.

"సెప్పే ఎల్లాల. ఏడిస్తే ఏడవనీ.
సెప్పకుండా ఎల్లినోల్లు మల్లొస్తారని
గుంటలకెలగ తెలుస్తాది?"

రాత్రి ఇద్దరం లెక్క వేశాం.
జిరాఫీ, వల. కెమెరా, ఆమె చేతులు.
రసీదు ఉండదు, రాతకోతలుండవు,
ఆమెకే జబ్బు చేస్తే ఎవరూ ఉండరు.
లెక్క తేలలేదు.
మర్నాడు వెళ్తే పొయ్యి గట్టెక్కి ఉంది.

సోమవారం.
"ఎల్లొస్తానమ్మా" అన్నాను, ఆమె యాసలోనే.
వీధి మలుపుదాకా ఏడుపు నా వీపుమీదే ఉంది.
కేజీహెచ్ ల్యాబులో మొదటి శాంపిల్
ఐదేళ్ల పిల్లాడిది.
"నొప్పెడతాదా?"
ఎనిమిదేళ్లుగా చీమ కుట్టినట్టుంటుందనే చెప్పాను.
"పెడుతుంది. కొంచెంసేపే" అన్నాను.
చెయ్యి చాపాడు.

సాయంత్రం వలకన్నంలోంచి
నాలుగు వేళ్లు నా కుచ్చిళ్లు పట్టుకున్నాయి.
"నువ్వు తప్పు సెప్పినావు,
కుడి చెవే లాక్కుంటాది" అంది నూకరత్నం.
కాదు, పుట్టినప్పట్నుంచీ ఎడమే, అన్నాను.
"నీకాడ ఎడమేమో" అంది,
ఉగ్గుగిన్నె కడుగుతూ.