సగం గోలి

సొహార్‌లో రాత్రి రెండున్నర.
మగవాళ్ళ వార్డు, పధ్నాలుగో మంచం.
పొద్దున ఏడింటికి కంపెనీ వ్యాను వస్తుంది,
ఆలోగా ఇతన్ని కంప్యూటర్లోంచి కూడా పంపించాలి.

హాస్పిటల్లోంచి మనిషి వెళ్ళడం తేలిక,
చెప్పులు దొరికితే చాలు.
సిస్టమ్‌లోంచి వెళ్ళాలంటే
మింగిన ప్రతి మందుకూ పేరుండాలి,
మోతాదుండాలి, రాసినవాళ్ళుండాలి.
ఎర్ర చుక్క ఉన్న గడి ఒక్కటి ఖాళీగా ఉన్నా
కింద బటన్ బూడిద రంగులోనే ఉంటుంది.

మూడింటికి లేచే అలవాటు,
అతను అప్పటికే మేలుకుని కూర్చున్నాడు.
"ఇంట్లో ఏం మందులు వాడుతున్నారు?"
"ఇంట్లనా మేడం, క్యాంపులనా?"
అన్నాడు ఎల్లాల రాజలింగం.
గడిలో ఇల్లు అనే ఉంది.
క్యాంపులోనే, అన్నాను.

సంచిలోంచి చొక్కా, చొక్కా జేబులోంచి బిస్కెట్ కాగితం,
అందులో కత్తెర పెట్టి కోసిన రేకు ముక్క.
పేరున్న వైపు లేదు.
చివర "మైడ్" అని ఒక ముక్క మిగిలింది.
తోకను చూసి పామును పోల్చుకున్నట్టు పోల్చుకున్నాను.
షుగర్ మాత్ర.
తిని మింగితే మేలు చేస్తుంది.
తినకుండా మింగి పరంజా ఎక్కితే ఏం చేస్తుందో
అతని కనుబొమ మీద ఆరు కుట్లు.

"ఎవరు రాసిచ్చారు?"
"రాసుడేంది మేడం,
నర్సింలు ఊరికి పోతా పోతా ఇచ్చిండు."
డాక్టరా, క్లినిక్కా, ఫార్మసీయా, ఇతరమా?
ఇతరం నొక్కాను.
వివరించండి, అంది.

"రోజుకు ఎన్నిసార్లు?"
"యాదికొచ్చినప్పుడు. కాళ్ళు గుంజినప్పుడు."
రోజుకొకసారి అని కొట్టాను.
అబద్ధం ఆ గడిలో ఎంత చక్కగా సర్దుకుందో!
"ఒక్కసారికి ఎన్ని?"
"సగం."
సున్నా పాయింటు అయిదు.
పోనీలే, సగమంటే దానికీ తెలుసు.

ఇక మూడు బటన్లు: కొనసాగించు, మార్చు, ఆపు.
ఆపు నొక్కాను. ఎందుకు, అంది.
ఎలర్జీ. పనిచేయలేదు. కోర్సు అయిపోయింది. రోగి వద్దన్నాడు.
మందు ఇంకొకరిది, అనే కారణం
ఆ జాబితా రాసినవాళ్ళకి తట్టలేదు.

కొత్తవి డాక్టర్ షంసా సాయంత్రమే ఎక్కించింది.
ఉదయం టిఫిన్ తర్వాత ఒకటి, రాత్రి భోజనం తర్వాత ఒకటి.
"టిఫిన్ ఎన్నింటికి తింటారు?"
నవ్వాడు. కుట్లు లాగి నవ్వు ఒకవైపే వచ్చింది.
నాలుగింటికి బస్సు.
తొమ్మిదింటికి సైటు మీద రొట్టె,
అదీ క్రేన్ ఆగితే.
డాక్టర్‌ని ఫోన్ చేసి లేపాను. తిట్టలేదు.
నిద్రగొంతుతోనే విని, వేళ మార్చింది.
తొమ్మిది అని పడింది తెర మీద.
క్రేన్ సంగతి పడలేదు.

వివరాల గడిలో తెలుగు కొట్టి చూశాను,
రోజూ ఒకసారి చూస్తాను.
డబ్బాలు డబ్బాలుగా వరసకట్టింది,
పోర్టులో సరుకు దింపని కంటైనర్లలా.

ఆరున్నరకు బటన్ పచ్చబడింది.
ప్రింటరు రెండు వెచ్చటి కాగితాలిచ్చింది,
అరబ్బీది ఒకటి, ఇంగ్లీషుది ఒకటి.
రెండూ అతని చేతికిస్తూ ఉంటే తట్టింది.

"అన్నా, సగం నువ్వు మింగితే
మిగతా సగం?"
"ఓదేలు. నా కింది మంచం.
నెలాఖరుదాక రావాలెనని పంచుకున్నం."

ఓదేలుకు ఫైలు లేదు. నంబరు లేదు.
బస్సు దిగి రెండు గంటలై ఉంటుంది,
ఏ అంతస్తు మీద ఉన్నాడో.
"ఫోన్ చెయ్యి."
"పనిల ఎత్తనియ్యరు మేడం."

ఇంగ్లీషు కాగితం వెనక్కి తిప్పి
బాల్‌పెన్నుతో పెద్ద అక్షరాలు రాశాను.
ఓదేలూ, ఆ గోలి ఆపు. తినకుండా అసలే వద్దు.
శుక్రవారం వచ్చి చూపించుకో.
ఆ రోజు క్లినిక్ ఉండదని గుర్తొచ్చి
శుక్రవారం కొట్టేశాను.
మిగతా రోజుల్లో అతనికి సెలవుండదు.

వ్యాను హారన్ కొట్టింది.
కొట్టేసిన చోట ఏమీ రాయకముందే
కాగితం నాలుగు మడతలు పెట్టి
చొక్కా జేబులో వేసుకున్నాడు రాజలింగం.