దస్తూరీ

మంగళవారం టికెట్ సగం ధర.
ఈ హల్ ఊళ్ళో నది మీంచి వచ్చే గాలికి
ఏ గొడుగూ రెండో వీధి దాటదు.
అచ్చు తోడులేని హల్లు, ఎలా పలుకుతావు దీన్ని
అని ఊరి పేరు మీద నేనే ఒక జోకు కట్టుకున్నాను.
చెప్పడానికి ఇక్కడ ఎవరూ లేరు.

హాల్లో పదకొండు మందిమి.
తెర మీద పదహారేళ్ళ పిల్లలు ముగ్గురు
పెళ్ళాం వదిలేసిన డ్రిల్లు మాస్టారికి
ఆవిడే పంపినట్టు మెసేజులు పంపిస్తున్నారు.
ఎక్కడ కామా పెట్టాలో,
ఎంతసేపు జవాబివ్వకుండా ఉండాలో
బాగా తెలుసు వాళ్ళకి.
ఒకమ్మాయి అద్దం ముందు ఏడుపు ప్రాక్టీసు చేస్తోంది:
ముందు ఎడమ కన్ను, పది లెక్కపెట్టాక కుడి.

మాస్టారు కొత్త టై కొన్నాడు.
ధర చీటీ వెనక వేలాడుతూనే ఉంది.
హోటల్లో ఇద్దరికీ సూపు చెప్పాడు.
తనది తాగాడు. గడియారం చూశాడు.
రెండోది చల్లారిపోకుండా సాసరు మూత పెట్టాడు.

నవ్వాను.
పాప్‌కార్న్ పలుకు ముక్కులోకి పోయేంత.
పక్క వరసలో ముసలాయన కూడా నవ్వి
ఏదో చుట్టరికం కలిసినట్టు నా వైపు చూశాడు.

ఈ నవ్వు నాకు తెలుసు.
తొమ్మిదో క్లాసు, ల్యాబు కిటికీ చువ్వల వెనక,
నోటికి ఓణీ కొంగు అడ్డం.

భానోజీ పేరుతో ఉత్తరం. ఐడియా అందరిదీ.
దస్తూరీ నాది, జిల్లాలో ఫస్టొచ్చిన దస్తూరీ,
గుర్తుపట్టకుండా కాస్త ఎడమకి వంచి రాశాను.
"నిరీక్షణ" అన్న మాటా నాదే.
ఊరికే ఎదురుచూపు అంటే
అంత బరువుండదనిపించింది.

గురువారం మంగతాయారు రెండు జడలు మానేసి
ఒక్క జడ వేసుకొచ్చింది.
సైకిల్ స్టాండు దగ్గర నిలబడింది.
లాంగ్ బెల్లు కొట్టారు.
సైకిళ్ళు ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి.
భానోజీ కూడా ట్రింగుమని బెల్లు కొట్టి
కొంచెం తప్పుకోమన్నాడు.
మేం నవ్వలేక కడుపు పట్టుకుని
యాసిడ్ సీసాల మధ్య కూలబడ్డాం.

తాయారు ఎవర్నీ ఏమీ అడగలేదు.
పరీక్షల ముందు నా నోట్సు తిరిగిచ్చేస్తూ
"నీ క్ష భలే ఉంటుందే" అంది.
అంతే.
మెచ్చుకుందనుకున్నాను.
ముప్పై ఒక్కేళ్ళు,
ఈ సాసరు మూత దాకా,
మెచ్చుకుందనే అనుకున్నాను.

ఇక్కడి సినిమాలకి ఇంటర్వెల్ ఉండదు,
లేచి వెళ్ళడానికి సాకు దొరకదు.
చివరికి మాస్టారు ఏమయ్యాడో చూడలేదు.
కళ్ళు తెరిచే ఉన్నాయి.

బస్టాపులో ముగ్గురమ్మాయిలు
ఒకే పొట్లంలో చిప్స్ తింటున్నారు.
పొడుగమ్మాయి నా వైపు తిరిగి
"మీ కోటు చాలా బాగుంది" అంది.
మిగతా ఇద్దరూ పొట్లంలోకి చూశారు.
థాంక్స్ అన్నాను.

కోటు కొని ఆరేళ్ళయింది.
అయినా బస్సెక్కి కూర్చున్నాక
కాలరు వెనక తడుముకున్నాను,
ధర చీటీ ఏమైనా వేలాడుతోందేమోనని.